నడిమి సాలు

ఎనిమిదో తరగతిలో నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలిందో ఇప్పటికీ తేలలేదు. ఇద్దరం సంతోషంగానే విడిపోయాం. అలాంటి నన్ను తీసుకొచ్చి వనపర్తిలో, ఎరువుల దుకాణం పైగదిలో, ముగ్గురు కంప్యూటర్ చదువులవాళ్ళ మీద పెద్దగా కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారన్నది మాటవరసకే. నేను కూర్చోగా చూసినవాళ్ళు ఆ గదిలో లేరు.

మా యజమాని హైదరాబాదులో ఉండేవాడు. మిల్లులకు, దుకాణాలకు ప్రోగ్రాములు రాయించి అమ్మే చిన్న వ్యాపారం ఆయనది. మొదట్లో నా పని డబ్బాలు మోయడమే. కంప్యూటర్‌ను గద్వాలకో నాగర్‌కర్నూలుకో బస్సులో ఒళ్ళో పెట్టుకుని పోయి, వైర్లు కలిపి, మిల్లు సేటును కాసేపు నవ్వించి వచ్చేవాణ్ణి. ప్రోగ్రాం ఆగిపోయినా సేట్లు తిట్టకుండా ఫోన్ చేస్తున్నారని యజమాని కనిపెట్టాడు. "నీకు మనుషులు తెలుసయ్యా, ఆ ముగ్గుర్నీ నువ్వే చూసుకో" అన్నాడు. మనుషులు తెలియడమంటే ఏమిటో నాకు తెలియదని ఆయనకు చెప్పలేదు. ఉద్యోగం ఇస్తామంటే అట్లాంటి సంగతులు ఎవరు చెబుతారు?

మా దగ్గర టౌనుకొచ్చినవాడికి సొంత పేరు మిగలదు, ఊరి పేరే మిగులుతుంది. పాన్‌గల్ అంటే చురుకైన పిల్ల. ఆమె కీబోర్డు మీద చేతులు పెడితే మంగలంలో జొన్నపేలాలు వేగినట్టుండేది. ధరూర్ పాతికేళ్ళ కుర్రాడు, మోటారుసైకిల్ మీద వచ్చేవాడు, నోరు బండికన్నా వేగం. కల్వకుర్తి అందరికన్నా పెద్ద, మనిషి కూడా భారీ. ఏళ్ళ తరబడి మార్కెట్ యార్డులో పాత కంప్యూటర్ మీద పనిచేసి వచ్చాడు. కొత్త పద్ధతి ఆయనకు ఇంకా ఒంటబట్టలేదు. కోడి గింజలు ఏరినట్టు రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం ఏరి కొట్టేవాడు. మా దగ్గర పని దొరికిందని భార్యాపిల్లల్ని వనపర్తికి తెచ్చుకుని, ఆ జూన్‌లోనే పిల్లలిద్దర్నీ ఇక్కడి బడిలో వేశాడు.

పని చేయించడమంటే వెనక నిలబడటమని నా అప్పటి నమ్మకం. ఒకరి భుజం మీంచి ఇంకొకరి భుజం మీదికి తిరుగుతూ "అయిందా?" అనేవాణ్ణి. చదవడం రాని తెర వంక తల ఊపేవాణ్ణి కూడా.

"అన్నా, నువ్వు నిలబడితే కాదు, పోతే అయితది" అనేది పాన్‌గల్.

"మేస్త్రీ, కిందికి పోయి చాయ్ చెప్పి రాపో. నీ కాళ్ళకు పని, మా తలకాయలకు రెస్టు" అనేవాడు ధరూర్.

నేను వెనక నిలబడగానే కల్వకుర్తి రెండు వేళ్ళు కూడా ఆగిపోయేవి.

ఆ ఏడు గద్వాలలో ఒక పత్తి మిల్లు పని వచ్చింది. నిండు లారీ కాంటా ఎక్కాలి, ఖాళీ లారీ కాంటా ఎక్కాలి, మధ్య తేడా పత్తి బరువు. అందులోంచి తేమకు తరుగు తీసి, చీటీ కొట్టి రైతు చేతిలో పెట్టాలి. ఇంతే. కాంటా నుంచి బరువు తీసుకునేది పాన్‌గల్, తరుగు తీసేది కల్వకుర్తి, చీటీ కొట్టేది ధరూర్. మూడు ముక్కలు ముగ్గురికీ పంచేసి, భలే మేస్త్రీనని నన్ను నేనే మెచ్చుకున్నాను.

దసరా ముందు యజమాని వచ్చాడు. గది మధ్యలో నిలబడి, అందరూ వింటుండగానే అన్నాడు: "ముగ్గురు ఎక్కువ నాకు. గద్వాల మిల్లులో మొదటి లారీ కాంటా ఎక్కేలోపు మీలో ఎవరు వెనకబడితే వాళ్ళు పోతారు. ఎవరనేది" అని నా వైపు వేలు చూపించి, "ఈయన చెబుతాడు."

ఎప్పుడూ ఏదో ఒక జోకు దొరికే నాకు అప్పుడు ఒక్కటీ దొరకలేదు. ఆయన కారు కదిలాక కూడా మెట్ల మీదే నిలబడిపోయాను. పైకి పోతే ముగ్గురి మొహాలు చూడాలి. కిందికి పోతే ఎక్కడికి పోవాలి?

ఆ మర్నాటి నుంచి గది మారిపోయింది. అంతకు ముందు వాళ్ళు ఒకరి తెరలోకి ఒకరు తొంగిచూసి వెక్కిరించుకునేవాళ్ళు. అది ముచ్చట్లనుకుని నేనే కసిరేవాణ్ణి. ఇప్పుడు ఎవరూ కుర్చీ తిప్పడం లేదు. పాన్‌గల్ వేళ్ళు ఇంకా వేగంగా పేలుతున్నాయి. ధరూర్ నోరు మూసుకుని పనిచేస్తున్నాడు, అదే నాకు భయమేసింది. తలుపు దగ్గర చివరి బల్ల కల్వకుర్తిది. ఆయన టిఫిను డబ్బా కూడా విప్పకుండా ఏరుతూనే ఉన్నాడు. బయటివాడు చూస్తే ఏం పని నడుస్తుందిరా ఇక్కడ అనుకుంటాడు. నాకు మాత్రం కాళ్ళు నిలవలేదు. రోజంతా మెట్లెక్కడం, దిగడం. ఎరువుల దుకాణమాయన "ఏంది, పైన ఎవరికన్న కాన్పయితుందా?" అని అడిగాడు.

మూడు ముక్కలూ అయ్యాయన్నారు. కలిపి నడిపించాం. ప్రింటర్ గరగరమంటూ చీటీ కక్కింది. నేను అంకెలు మాత్రం చదవగలను కాబట్టి చదివాను.

"అన్నా, లారీడు పత్తి నీ అంత బరువే ఉందిరో!" అన్నాను కల్వకుర్తితో.

ఎవరూ నవ్వలేదు. పాన్‌గల్ బరువును కిలోల నుంచి క్వింటాళ్ళకు మార్చింది. మిగతా ఇద్దరూ ఇంకా కిలోలే అనుకుని తమ ముక్కలు రాసుకున్నారు. పదిహేను రోజుల కిందటైతే ఆ మాట ఆమె గది దద్దరిల్లేలా అరిచి చెప్పి ఉండేది.

"చెప్పొద్దా?" అన్నాడు ధరూర్.

"నువ్వు అడిగినవా? నీ పని నువ్వు చూసుకుంటుంటివి, నా పని నేను చూసుకున్న" అంది పాన్‌గల్.

కల్వకుర్తి నెమ్మదిగా అన్నాడు. "నాకోసం గిట్ల కొట్టుకోకున్రి. పోయేది నేనే గద. ఎరుకనే ఉంది."

నేను కిందికి దిగి బండి తీశాను. ఎక్కడికో తెలియదు. బండికి తెలుసు.

అమ్మ మా ఊరి పక్క వేరుశనగ చేలో కలుపుకు పోయింది. ఆడవాళ్ళంతా వరసగా, తలా ఒక సాలు పట్టుకుని ముందుకు జరుగుతున్నారు. ఆ వరసను మా దగ్గర మునుం అంటారు. అమ్మ తల ఎత్తకుండానే, "ఏందిరా, ఆఫీసర్ సాబ్ ఎండలకొచ్చిండు?" అంది.

సంగతంతా చెప్పాను. ఎవరో ఒకరి పేరు చెప్పక తప్పదన్నాను.

"వెనుకబడ్డదాని పేరు చెప్తె, మర్నాడు మునుంలకు ఎవరొస్తర్రా?" అంది.

"అమ్మా, ఇది కలుపు గాదు. కంప్యూటరు."

"నాకేం తెల్వది బిడ్డా, కంప్యూటరంటే. నాకు తెల్సినదాన్ని అడిగితివి, చెప్పిన."

పక్కామె నడుం ఎత్తి నన్ను పైకీ కిందికీ చూసింది. "మాట్లాడనీకొచ్చినవా, చేతులేమన్న ఉన్నయా? వంగు!"

వంగాను. చిన్నప్పుడు చేసిన పనే, చేతులకు గుర్తుంటుందనుకున్నాను. ఒక్క సాలు సగం కాకముందే అందరి వీపులూ నాకు ముందున్నాయి. గడ్డితోపాటు వేరుశనగ మొక్క కూడా పీకాను.

"ఓయమ్మా, గీన్ని చివర్న పెట్టిందెవరే? చేను మొత్తం బోడి చేస్తడు. నడిమిట్ల పెట్టున్రి!"

పకపకా నవ్వుతూ నన్ను అమ్మకూ, ఆ పక్కామెకూ మధ్యకు జరిపారు. అప్పుడు చూశాను. నేను రెండు మొక్కల దగ్గర తంటాలు పడుతుంటే, ఇటునుంచి అమ్మ చేయి, అటునుంచి ఆమె చేయి నా సాలులోకి వచ్చి గడ్డి అందుకుని పోతున్నాయి. నా వంక చూడడం లేదు, ముచ్చట ఆపడం లేదు. చివరనుంటే అదే నేను ఊరంతటికీ కనబడేవాణ్ణి. మధ్యలో ఉన్నాను కాబట్టి మునుం గట్టుకు చేరింది, దాంతోపాటు నేనూ చేరాను.

"ఇగ పో. నీ పుణ్యాన మాకు ఆలిశమైంది" అంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే కల్వకుర్తి బల్లను తలుపు దగ్గర్నుంచి లాగి, ఆ ఇద్దరి బల్లల మధ్యకు చేర్చాను. ఆయన కంగారుపడ్డాడు. "నా మీద నిఘానా?" అన్నాడు. కాదన్నాను, నమ్మలేదు. మూడు ముక్కలు పక్కన పడేయమన్నాను. ముందు ముగ్గురూ బరువే చూడండి, అది గట్టుకు చేరాక తరుగు, తర్వాత చీటీ అన్నాను.

"ఒక్క పనిని ముగ్గురం చేస్తే మూడింతలు ఆలిశమైతది" అంది పాన్‌గల్.

"అయితే కానీ" అన్నాను. నా గొంతులో ఉన్న ధైర్యం నా కడుపులో లేదు.

నా అదృష్టం, కరెంటు పోయింది. బ్యాటరీ మీద ఒక్క కంప్యూటరే నడిచేది. అది కల్వకుర్తి బల్ల మీద ఉంది. గత్యంతరం లేక ముగ్గురూ దాని ముందే చేరారు, ఆయన మధ్యలో. వాళ్ళు చెబుతున్నారు, ఆయన రెండు వేళ్ళతో కొడుతున్నాడు. ఆయన ఒక అక్షరం ఏరేలోపు వాళ్ళకు ఆలోచించే తీరిక దొరుకుతోంది. "జర ఆగన్నా, గది తప్పు" అని ధరూర్ అంటాడు. "తప్పేం గాదు, నీ మొహం" అని పాన్‌గల్. ఒకసారి ఆమెకు ఓపిక పోయి కీబోర్డు లాక్కుంది. చిటపటా కొట్టేసింది, కొట్టినదాంట్లో తప్పుంది. నోరు మూసుకుని ఆయనకే తిరిగిచ్చింది. కరెంటు వచ్చాక కూడా ఎవరూ తమ బల్లకు తిరిగి పోలేదు. మళ్ళీ సాయంత్రం లాక్కుంది, ఈసారి తప్పు రాలేదు. అన్ని కథలూ ఒక్క తీరుగా నడవవు.

వెనక్కి పోయి నిలబడాలని నా కాళ్ళు పీకాయి. "అయిందా?" అన్న మాట గొంతు దాకా వచ్చేది. మింగి, మెట్లు దిగి, చాయ్ చెప్పి, మెట్లెక్కేవాణ్ణి. ఆ వారం వాళ్ళకు చాయ్ ఎక్కువై కడుపులో మంట పుట్టిందని తర్వాత తిట్టారు.

గద్వాల మిల్లులో మొదటి లారీ వచ్చిన రోజు అందరం అక్కడే ఉన్నాం. యజమాని తెల్ల చొక్కా మీద పత్తి దూది అంటుకుంటుంటే దులుపుకుంటూ నిలబడ్డాడు. లారీ కాంటా ఎక్కింది, దిగింది, ఖాళీ అయి మళ్ళీ ఎక్కింది. ప్రింటర్ గరగరమంది. చీటీ తీసుకున్న రైతు దాన్ని ఎండకు పట్టి చూసి, "ఆఁ, సరిగనే ఉంది" అని జేబులో పెట్టుకున్నాడు.

యజమాని నా వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పు. ఎవరు?"

"తెల్వది సార్."

"ఏంటి, తెలియకపోవడం?"

"ఎవరిదేదో విడదీసే తీరుగ చేయలేదు సార్. వాళ్ళకు గూడ తెల్వదు. అడుగుండ్రి."

ఆయన అడిగాడు. తరుగు ఎవరు రాశారని. కల్వకుర్తి, "వాళ్ళు చెప్పిన్రు, నేను కొట్టిన" అన్నాడు. బరువు ఎవరు రాశారని. "కల్వకుర్తన్న కొట్టిండు సార్" అంది పాన్‌గల్. చీటీ? "చీటీ మాత్రం ప్రింటర్ కొట్టింది సార్" అన్నాడు ధరూర్. మిల్లు సేటు కిసుక్కుమన్నాడు. యజమాని నవ్వలేదు.

"మరి నువ్వేం చేసినట్టు?" అని నన్నడిగాడు.

"చాయ్ తెచ్చిన సార్."

ఆయన చాలాసేపు చొక్కా దులుపుకున్నాడు. "నాగర్‌కర్నూల్లో ఒక నూనె మిల్లు ఉంది. రేపు పో. ఆ పని తెస్తే ముగ్గురూ ఉంటారు. తేకపోతే మళ్ళీ ఇదే మాట అడుగుతా, అప్పుడు 'తెల్వది' చెల్లదు" అని కారెక్కాడు.

తిరుగు బస్సులో ముగ్గురు పట్టే సీటు ఒక్కటే దొరికింది. పాన్‌గల్ కిటికీ పక్కకు జరిగింది, ధరూర్ బయటి వైపు అంచున కూర్చున్నాడు. మధ్యలో చోటు ఉంచారు. కల్వకుర్తి వచ్చి కూర్చుని, ఎర్రవల్లి చౌరస్తా దాటకముందే నిద్రపోయాడు. ఆ భారీ తల ఒకసారి ఈమె భుజం మీదికి, ఒకసారి వాడి భుజం మీదికి వాలుతోంది. ఇద్దరూ కసురుకుంటూనే మోస్తున్నారు.

"మేస్త్రీ, ఒక్క జాగ ఖాళీ అయింది, జర కూసోరాదు!" అని అరిచాడు ధరూర్.

బస్సు కృష్ణ మీది వంతెన ఎక్కింది. నేను తలుపు కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాను. నాగర్‌కర్నూల్ సేటును మొదట ఏ మాటతో నవ్వించాలో ఇంకా దొరకలేదు.