సోలారుకు తిరుమంజనం

మిద్దె మీద తడి సున్నం వాసన వస్తే చాలు, నాకు రుక్మణక్క గుర్తొస్తుంది. కోయంబత్తూరు పక్కన మా తెలుగువాళ్ల వీధుల్లో, ఫ్యాను వేయకపోయినా చల్లగా ఉండే ఇళ్లు కట్టించేది. పన్నెండో తరగతితో ఆగిపోయిన నన్ను పనిలోకి తీసుకుంది. ఇల్లు కట్టుకోబోయేవాళ్లను మిట్టమధ్యాహ్నం మామూలు మిద్దె ఎక్కించి చెప్పులు విప్పమనేది. వాళ్లు గంతులేస్తుంటే నింపాదిగా అడిగేది: "ఇప్పుడు చెప్పండి, మీకు తెల్ల సున్నం పూసిన మిద్దె కావల్లనా, వద్దా?" వద్దన్నవాళ్లను నేను చూడలేదు.

అలాంటి అక్క మొదటిసారి సోలారు పెట్టింది శీనయ్య మామ కొత్త ఇంటికి. ఆయన తమ్ముళ్లిద్దరూ పక్కనే ఇళ్లు కట్టబోతున్నారు. "ఇది బాగా నడిస్తే వాళ్ల పనీ నీకే. నడవకుంటే పీక్కొని పో" అని మామ ముందే చెప్పేశాడు. ఆ రెండిళ్లు రాకపోతే మా మేస్త్రీలకు పని లేదు. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఆయుధపూజ మర్నాడు మామ ఫోను: "రుక్మణీ, నీ సోలారు నిద్రపోతా ఉండాది. వచ్చి లేపు."

పరుగున వెళ్లి మిద్దెక్కాం. ప్రతి ప్యానెలు మీదా మూరెడు తిరునామం, మధ్యలో ఎర్రగీత, చుట్టూ గంధం బొట్లు! కింద గాజుకు ఎండ తగిలే దారే లేదు. మామ వాళ్లమ్మ, మా అందరికీ అవ్వ, నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

"మోటారుకు పెట్టినాము, బండికి పెట్టినాము. దీనికి పెట్టకుంటే కోపం రాదా?"

నాకు నవ్వు పొంగుకొచ్చింది. అక్క నన్నొక చూపు చూసి, ముందు ఆ నామాలకు దండం పెట్టింది. "బాగా పెట్టినావవ్వా. కానీ ఈ గాజంతా దాని కన్నే. కన్ను మూసేస్తే ఎండను ఎట్లా చూస్తుంది?"

"తిరుపతిలో పెరుమాళ్లకూ కళ్లు మూసే కదమ్మిణీ నామం పెడతారు? ఆయన లోకాన్ని నడపడం లేదా?"

అక్క ప్యానెలు అంచు మీద వేలితో తట్టింది. "ఆయన పెరుమాళ్లవ్వా. ఇది కడలో దుడ్డిచ్చి కొన్నది" అంది.

అవ్వే ఫక్కున నవ్వింది. "సరే. కానీ పెట్టిన నామాన్ని తుడవకూడదు. పాపం."

"తుడవకుంటే దీన్ని పీకేయల్లమ్మా!" అన్నాడు మామ.

"తుడవమన్నది ఎవరు మామా? తిరుమంజనం చేద్దాము" అంది అక్క.

దేవుడికి చేయించే స్నానమది. అందులో నామం దానంతటదే కరిగిపోతే పాపం ఎవరికీ అంటదు. అవ్వ ముఖం వెలిగిపోయింది, అప్పుడే బిందె తెమ్మంది. కాగిన గాజు మీద చన్నీళ్లు పడితే పగులుతుందని అక్క భయం. "పొద్దు వాలనీ అవ్వా. ఎండలో ఉన్నప్పుడు చన్నీళ్లు పోస్తే పెరుమాళ్లకైనా జలుబు చెయ్యదా?"

సాయంత్రం అవ్వ చెంబు వంచుతూ గోవిందా అంటే మేమంతా గోవిందా అన్నాం. నామాలతో పాటు అన్నాళ్ల దుమ్మూ కొట్టుకుపోయింది. మర్నాడు కరెంటు మునుపటికంటే ఎక్కువే వచ్చింది. "చూసినావా, నీళ్లు పోసుకున్నాక ఎంత తెలివి వచ్చిందో" అని కొడుకును దెప్పి, ఇక ప్రతి శనివారం తిరుమంజనమేనని తేల్చేసింది అవ్వ. నామం ప్యానెళ్ల కింది ఇనుప కాళ్లకు మారింది. తమ్ముళ్ల ఇళ్లు అక్కకే వచ్చాయి.

మోకాళ్లు మొరాయించి అక్క ఇప్పుడు మేట్టుపాళయంలో కూతురింట్లో ఉంది. పని నేను చూసుకుంటున్నాను. ఏ ఇంటికి వెళ్లినా వాట్ల సంగతి తర్వాత. ముందు ఆ ఇంట్లో పూజ చేసేదెవరో కనుక్కొని వాళ్ల పక్కన కూర్చుంటాను. నాకు భక్తి అంతంత మాత్రమే. అయినా శనివారం సాయంత్రం మా ఇంటి ప్యానెళ్ల మీద చెంబు వంచానంటే నోట్లోంచి గోవిందా వచ్చేస్తుంది. పక్క మిద్దెల మీంచి ఎవరో ఒకరు అందుకుంటారు.