ఆడగుర్రమని రాసిన కాగితం

ఆ గుర్రం గురించి నాకు తెలిసిన సంగతి మూడేళ్లపాటు దాని యజమానికి చెప్పలేదు.

నేను బొబ్బిలి దగ్గర పశువుల డాక్టరుగా ఉన్నప్పటి మాట. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పే ఒక పెద్దాయన, కొనేముందు దాన్ని నాకు చూపించడానికి తెచ్చాడు. ఆడగుర్రమైతే బ్యాండు మోతలో నెమ్మదిగా ఉంటుందని ఆయన నమ్మకం. ఆ రోజు బయట వైద్యానికి తెచ్చిన గేదెలు చాలా ఉన్నాయి. తోక ఎత్తి చూడకుండానే, ఆరోగ్యమైన ఆడగుర్రమని రాసి సంతకం పెట్టేశాను.

ఏడాది తిరక్కుండానే మళ్లీ వచ్చాడు.

"పోతుగుర్రంలాగ పక్క గుర్రాలమీదికి ఎక్కిపోతన్నాది బాబూ. మొన్న ఎచ్చెర్లలో పెళ్లికొడుకుని కింద పడేసినాది. పెళ్లికూతురు నవ్వింది గానీ ఆడి తండ్రి నవ్వలేదు."

ఈసారి సరిగ్గా పరీక్షించాను. గర్భసంచి చేతికి తగల్లేదు. పైకి ఆడదానిలాగే ఉన్నా తోక కింద తేడా కనిపిస్తోంది, కడుపులో వృషణాలు ఉన్నట్టున్నాయి. పుట్టుకతో వచ్చిన తేడా. చెబితే నా కాగితం సంగతి బయటపడుతుంది.

"కొవ్వెక్కింది మావా. కాస్త భయం పెట్టు," అన్నాను.

భార్య పోయాక ఇంట్లో ఆయన మాట్లాడేది ఆ గుర్రంతోనే. అంతవరకూ దాన్ని కొట్టి ఎరగడు. నా మాట విని కొరడా కొన్నాడు. మిగతా గుర్రాలవాళ్లు దగ్గరికి రానివ్వక, ఊరి చివర రేకుల షెడ్డులో కట్టేశాడు. నా బండి చప్పుడు వింటే అది సకిలించేది. నేను ఆగేవాణ్ణి కాదు. అద్దెగదికి వచ్చి తలుపు వేసుకున్నా ఆ సకిలింపు వినిపిస్తున్నట్టే ఉండేది.

తర్వాత ఒక పశువైద్య కళాశాలకు శిక్షణకు వెళ్లాను. అలాంటి గుర్రాన్నే అక్కడ పడిపోనంత మత్తిచ్చి, నిలబెట్టే, డొక్కలో చిన్న రంధ్రాలు చేసి, కెమెరాతో లోపల చూస్తూ వృషణాలు తీసేశారు. కోత దాదాపు లేదు. తిరిగి రాగానే ఈ గుర్రాన్నీ నేనే అక్కడికి తీసుకెళ్లాను. ఆయనతో మాత్రం కొత్త వైద్యమని చెప్పి ఊరుకున్నాను.

కొన్ని నెలలకు అది నెమ్మదించింది. చూడ్డానికి వెళ్తే టీ ఇచ్చాడు. ఆపరేషన్ గాట్లు వెతికినా కనబడలేదు. వీపు మీద కొరడా పడినచోట మాత్రం తెల్లవెంట్రుకలు మొలిచాయి. ఆయన వాటికి కొబ్బరినూనె రాస్తున్నాడు.

"నువ్వు దేవుడివి బాబూ. నానే పాపిష్టోణ్ణి, నోరులేనిదాన్ని కొట్టినాను."

టీ గ్లాసు కింద పెట్టాను.

"ఆ దెబ్బలు నావల్ల మావా. చూడకుండా కాగితం రాశాను. జబ్బేమిటో తెలిశాక కూడా, నా తప్పు బయటపడుతుందని నీకు చెప్పలేదు. నన్ను క్షమించు."