గణపతి బొజ్జ మీద నా పాన్ కార్డు

చిన్నీ, వంశీ, గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల బాధ పడలేక మీరిద్దరు మన చుట్టాల గ్రూపులోంచి ఎప్పుడో బయటపడ్డరు. అందుకే మీ అమ్మ చేసిన ఘనకార్యం చుట్టాలందరికీ తెలుసు, మీకే తెల్వదు.

నా సంగతి తెలిసిందే కదా. మీరు అంత దూరం హాస్టళ్లల్ల ఉంటే, రోజూ ఫోన్ చేసి "తిన్నరా" తర్వాత అడిగేది "ఓటీపీ ఎవరికీ చెప్పలేదు కదా" అనే. మా ఆఫీసు పద్మ ఆంటీ పాన్ కార్డు జిరాక్స్ ఎవరి చేతిలోనో పడి, ఆమె ఎన్నడూ చూడని కంపెనీలో జీతం తీసుకుంటున్నట్టు రికార్డయింది. ఆ రాని జీతానికి టాక్స్ కట్టమని నోటీసు. పాపం, ఇంకా తిరుగుతనే ఉంది. అప్పటినుంచి నేను ఒక్క జిరాక్స్ కూడా బయట పారెయ్యలే. తీరిగ్గా చించుదామని అన్నీ ఒక సంచిలో దాచిన.

పోయిన నెల ఒక ఆదివారం చూస్తే సంచి లేదు.

"ఆ చెత్తనా? శుక్రవారమే పాత పేపర్లు కొనే రద్దీవాలాకు ఇచ్చేసిన" అన్నడు మీ బాపు, చాయ్ ఊదుకుంట. "ఇల్లు సాఫ్ చెయ్యమని నువ్వే అంటివి గద."

గౌలిపుర గల్లీలన్నీ తిరిగి రద్దీవాలాను పట్టుకున్న. "ధూల్‌పేట్ల అమ్మిన అక్కా. కాగితం గణపతులకు ఇప్పుడు మస్తు గిరాకీ" అన్నడు.

ఆటో ఎక్కి పోయిన. షెడ్డు నిండా రంగు పడని గణపతులు. నా సంచిలోని కాగితాలు తొట్టిలో నాని గుజ్జయినయి. ఇగ ఆ గుజ్జును ఎవరు చదువుతరు? ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఒక గణపతి బొజ్జ మీద నా మొహం కనబడింది. నా పాన్ కార్డే, నంబర్‌తో సహా, తడి జిగురుతో మెరుస్తున్నది.

"భయ్యా, అది తీసెయ్."

"అతికిచ్చేసినం మేడం. తీస్తే పేట్ ఫట్ జాయేగా, బొజ్జ చినుగుతది" అన్నడు మూర్తులు చేసేటాయన. "రంగేస్తే ఎవ్వరికి కనబడదు."

"అయితే ఇప్పుడే వెయ్యి."

"ఎండాలె గద మేడం."

ఎండేదాకా ఒక స్టూల్ మీద కూర్చొని ఆ బొజ్జకు కాపలా కాసిన. ఊరికే కూర్చోలేక ఒక ఫోటో తీసుకున్న. వచ్చిపోయేటోళ్లు ఏదో మొక్కు అనుకున్నరు. ఒకామె నా పక్కన అగర్‌బత్తి ముట్టించి పోయింది. సాయంత్రానికి పసుపు రంగు పడ్డది. రెండో కోటు నేనే అడిగి వేయించిన.

ఆ సంబురంలో ఇంటికొచ్చి ఫోటో గ్రూపులో పెట్టిన. "పాన్ జిరాక్స్‌లు జాగ్రత్త. నాది ఎక్కడ దొరికిందో చూడండి" అని రాసిన. అందరూ దండాలు పెట్టిన్రు. తర్వాత మీ మేనత్త ఫోన్ చేసింది.

"వదినా, గణపతి మంచిగున్నడు. నీ పాన్ నంబర్ గూడ మస్తు క్లియర్‌గున్నది. పుట్టిన తారీఖు, సంతకం, అన్నీ."

వెంటనే డిలీట్ చేసిన. కానీ అప్పటికే పెద్ద మామ దాన్ని కాలనీ గ్రూపుకు, భజన మండలికి పంపిండు. తీసెయ్యమంటే, "దేవుని ఫోటో డిలీట్ చెయ్యమంటవేంది బిడ్డా" అని నన్నే కోప్పడ్డడు.

ఇప్పుడు వారం వారం టాక్స్ సైట్ తెరిచి, నా పేరు మీద కొత్త జీతం ఏమన్నా చేరిందా అని చూసుకుంటున్న. ఇప్పటిదాకా నా పాత జీతమే ఉన్నది. "గింత తిప్పల పడ్డా పెరగలేదా" అంటడు మీ బాపు.

మీ హాస్టల్ దోస్తులకు కూడా ఈ కథ చెప్పండి. కథ మాత్రమే. ఆ ఫోటో తిరిగి తిరిగి మీదాకా వస్తే, ఒక దండం పెట్టుకొని అక్కడే ఆపండి.