పురిటిగది గోడ

మొన్న మా మనవడు ఎవరిదో పాత గోడకు పూత వేయబోతూ కడవలకొద్దీ నీళ్లు కొడుతుంటే, నీడన కూర్చుని చుట్ట కాల్చుకుంటున్న నేను "ఆపరా!" అని వీధంతా వినబడేలా అరిచాను. వాడు బిత్తరపోయాడు. ముసలాయనకు చాదస్తం ముదిరిందని కోడళ్లు నవ్వుకున్నారు. నవ్వుకోనివ్వండి. ఆ నీళ్ల చప్పుడు వింటే నాకిప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఎందుకలా అవుతుందో ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, గోదావరికి ఆనకట్ట కట్టి, ఊరూరికీ కాలువలు తవ్వుతున్న రోజులవి. ఆ కాలువల మీద నీళ్లు ఆపి వదిలే లాకుల దగ్గరే నేను తాపీ పట్టడం నేర్చాను. అక్కడ ఇటుక ఇటుకకూ సున్నమే. పూతకు ముందు గోడను తడిసి ముద్దయ్యేలా తడపాలి, లేకపోతే ఇటుక తడినంతా లాగేసుకుని పూత రాలిపోతుంది. నాలుగు లాకులు కట్టేసరికి నా అంత పనివాడు లేడనుకున్నాను. ఏం పొగరండీ అది!

ఆ వేసవిలో మా మామగారు, అంటే నాకు పిల్లనిచ్చిన పెద్దమేస్త్రీ, రామచంద్రపురం వైపు ఒక పాత దివాణంలో పనికి నన్ను వెంటబెట్టుకు వెళ్లారు. తాతల నాటి ఆ లోగిలి పెరట్లో ఒకే గోడకు చెరోవైపు రెండు గదులుండేవట. ముందటేడు గాలివానకు ఒకటి పడిపోయి, ఆ నడిమిగోడ కాస్తా బయటిగోడై ఎండకూ వానకూ చిక్కింది. మిగిలినది పురిటిగది. మేం వెళ్లేసరికి ఆ ఇంటి ఆడపడుచు అందులో పసిబిడ్డతో ఉంది. అది ఎనిమిదో రోజు. తొలకరి పడేలోపు పూత పూర్తి కావాలని వాళ్లమ్మగారి తొందర.

మామగారు సున్నం నూరే గానుగ దగ్గరకు వెళ్తూ, తాను వచ్చేదాకా గోడ ముట్టుకోవద్దన్నారు. నేను వింటేనా! లాకుల దగ్గర చేసినట్టే పొద్దుటి నుంచి కడవ మీద కడవ కుమ్మరించాను. మధ్యాహ్నానికి గోడ అడుగున నల్లటి బురద కారసాగింది. వేలు పెట్టి చూస్తే ఇటుకల మధ్య సున్నం లేదు, అంతా మట్టి అడుసే. లోపలిగోడకు వాన తగలదు గదా అని కట్టినవాళ్లు మట్టితో సరిపెట్టారు. దాన్ని నేను చేజేతులా నానబెట్టేశాను. తూకపుగుండు వేలాడదీసి చూస్తే గోడ పైభాగం నాలుగు వేళ్లు లోపలికి, బాలింత మంచం వైపుకు, ఒరిగి ఉంది.

లోపల బిడ్డ ఏడుస్తోంది, తల్లి జోకొడుతోంది. చెబితే నా తప్పు బయటపడుతుంది, మామగారి పరువు పోతుంది, చెప్పకపోతే... అక్కడే నా ఆలోచన ఆగిపోయేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎండకు ఆరి మళ్లీ గట్టిపడుతుందేమోనన్న ఆశతో చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. ఒక ఇటుక జారి నా కాళ్ల దగ్గర పడ్డాకే పరుగెత్తాను.

"అమ్మగారండీ, గోడ పడిపోతోందండీ, తల్లినీ బిడ్డనీ బయటికి తీసుకురండి!"

ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "పదకొండో రోజు స్నానం కాకుండా పసిగుడ్డును గడప దాటిస్తామా ఏంటి? ముందు మీ మేస్త్రీని రానీ!"

పరాయి మగవాణ్ణి, ఆ గదిలో అడుగుపెట్టే వీలే లేదు. అక్కడే కూలబడ్డాను, దణ్ణాలు పెట్టాను, బావురుమన్నాను. నా ఏడుపు విని ఆ ఆడపడుచే బిడ్డను చీరకొంగులో చుట్టుకుని, అమ్మను తప్పించుకుని బయటికి వచ్చేసింది. నూతిగట్టు దాకా వెళ్లిందో లేదో, గోడ మంచం మీదకు కూలింది.

పాత గోడ, కాలం తీరి పడిందన్నారందరూ. పదకొండో రోజున అమ్మగారు నా చేతుల్లో కొత్త పంచెల చాపు పెట్టి, "నా మనవరాల్ని కాపాడావు నాయనా" అని కళ్లొత్తుకున్నారు. కూలిన ఇటుకల్లో తడిమట్టి చూసిన మామగారు మాత్రం నా వంక ఒక్కసారి చూసి తలవంచుకున్నారు. నేను పంచెలు పుచ్చుకున్నాను. గోడ మళ్లీ సున్నంతో కట్టినన్నాళ్లూ ఆయన నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు కాస్త కలిగినవాళ్లంతా సున్నంతోనే కట్టుకుంటున్నారు, కొందరైతే పురుళ్లకు దొరసానమ్మల ఆసుపత్రికే వెళ్తున్నారు. మంచిదే. కానీ తప్పు ఒప్పుకుందామంటే మామగారు లేరు, అమ్మగారూ లేరు. ఆ పాప మాత్రం ఉంది, మనవల్ని ఎత్తుకుంది. ఎప్పుడైనా కాలువ పడవలో కనబడితే, నాకు ప్రాణం పోసిన తాతగారండీ అని పదిమందికీ చూపించి దణ్ణం పెడుతుంది. ఇవాళ చెప్పేద్దామని ప్రతిసారీ అనుకుంటాను. చల్లగా ఉండు తల్లీ అని, పడవ దిగిపోతాను.