అత్తమ్మ చెప్పులు మింగిన సముద్రం

పెళ్లిచూపుల్లో నేను ఒకే ఒక్క అబద్ధం చెప్పాను. చిన్నాచితకా లెక్కలోకి రావు. ఏడో తరగతితో బడి మానేసినవాడికి పిల్లనివ్వడమా అని మంఖాల్‌లో మా కాబోయే అత్తమ్మ మొహం ముడుచుకుంటుంటే, ఇగ లాభం లేదని నోరు విప్పాను.

"సదువుకోలే గానీ లోకం చూసిన. సముద్రం గూడ చూసిన."

అప్పటిదాకా నేను చూసిన పెద్ద నీళ్లంటే రావిర్యాల చెరువే. శంషాబాద్‌లో కొత్తగా తెరిచిన విమానాశ్రయం దగ్గర టాక్సీ నడిపేవాణ్ణి. సముద్రం గురించి నాకు తెలిసిందంతా వెనక సీట్లో కూర్చున్నవాళ్లు ఫోన్లలో మాట్లాడుకున్నదే.

ఆమె మెత్తబడింది. "ఎట్లుంటది?"

"మీ ఊరి చెరువు లెక్కనే. జర పెద్దగుంటది."

పిల్లనిచ్చింది. అంతటితో ఊరుకుందా? మా అల్లుడు సముద్రం చూసిండు అని ఊరంతా చెప్పుకుంది. నాలుగేళ్లు నిమ్మళంగా గడిచాక ఒకరోజు, "నాకు గూడ సూపియ్యి అల్లుడా" అంది.

నెత్తిమీద నుంచి విమానాలు పోయే చోట ఉండి, నా భార్యనూ అత్తమ్మనూ వెంటేసుకుని రైలెక్కాను. విశాఖపట్నంలో దిగి, బస్సులో భీమిలి చేరాం. అక్కడ అలలు నెమ్మదిగా ఉంటాయని, చంటిపిల్లలు కూడా దిగుతారని, ఊరంతా కాలినడకన చుట్టి రావచ్చని నా టాక్సీ ఎక్కిన ఒకాయన చెప్పాడు. నా భయం అలల గురించి కాదు. అత్తమ్మ ముందు దొరికిపోకూడదు, అంతే.

బస్సు దిగి మలుపు తిరగగానే కనబడింది. నా కాళ్లు ఆగిపోయాయి. నోరు దానంతటదే తెరుచుకుంటే, ఆవలింతగా మార్చేశాను.

"ఏందయ్యా, గింత దూరమొచ్చి ఆవలిస్తున్నవ్?" అంది నా భార్య.

"సూసిందే గదా."

అత్తమ్మ మాత్రం చెంగు నడుముకు దోపి, కుడికీ ఎడమకూ తేరిపార చూసింది. "కట్ట ఏది అల్లుడా? కట్ట లేకుంటే గిన్ని నీళ్లు ఎట్లాగుతయ్?"

"ఆగుతయ్ అత్తమ్మా. నేను చూసిన గద!"

నీళ్లకు నాలుగు బారల దూరంలో మూడు జతల చెప్పులూ వరసగా విడిపించాను. సంచిలో వేసుకుందామంది నా భార్య.

"చెరువుకాడ పొద్దుగాల ఇడిసిన చెప్పులు పొద్దుమూకినా ఆడనే ఉంటయ్. నీళ్లకేమన్న కాళ్లున్నయా?"

తడి ఇసుకలో నడుచుకుంటూ వెళ్లి పాత లైట్‌హౌస్ చూశాం. బజ్జీలు తిన్నాం. అత్తమ్మ మోకాళ్ల దాకా దిగి, అల వచ్చినప్పుడల్లా "ఓయమ్మో" అని చిన్నపిల్లలా నవ్వింది. తిరిగొచ్చేసరికి చెప్పుల్లేవు. చెప్పులు పెట్టిన ఇసుక కూడా లేదు. ఒక అల నా ఎడమ చెప్పును తెచ్చి చూపించి, మళ్లీ తీసుకుపోయింది.

వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పకపకా నవ్వాడు. "పోటొచ్చింది కదా బాబూ! రోజూ నీరు పైకెక్కుద్ది, మళ్లీ దిగుద్ది. ఎప్పుడూ సముద్రం సూడనేదేటి?"

అత్తమ్మ నావైపు చూసింది. ఎప్పుడూ నాలుక చివర నిలబడి ఉండే నా జోకులన్నీ ఆ పూట సెలవు పెట్టాయి.

"లేదు," అన్నాను పెద్దాయనతో, ఆమెకు వినబడేలా. "ఇయ్యాల్నే మొదటిసారి."

ఎండకు కాలిన తారురోడ్డు మీద నీడ నుంచి నీడకు గెంతుతూ ముగ్గురం చెప్పుల దుకాణానికి పోయాం. చిన్న ఊరు కాబట్టి అరికాళ్లు మిగిలాయి. అత్తమ్మ కొత్త జత తొడుక్కుని చూసి "జర వదులున్నయ్" అంది, అంతే. తిట్టినా బాగుండేది. రైల్లో కూడా కిటికీ వైపే మొహం తిప్పుకుని కూర్చుంది.

మంఖాల్‌లో దిగగానే వాడకట్టు ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఆ కొత్త చెప్పులేందని అడిగింది పక్కింటామె. నేను మెల్లగా తలుపు చాటుకు జరిగాను.

"పాతయి సముద్రం గుంజుకపోయింది," అంది అత్తమ్మ. "పోటొస్తది, పైన ఇడువుమని అల్లుడు సెప్తనే ఉన్నడు. నేనే ఇనలే."

నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది.

"ఎన్నిసార్లు సెప్పినవ్ అల్లుడా?"

గొంతు సవరించుకున్నాను. "రెండుసార్లు, అత్తమ్మా."

"మూడుసార్లు," అని ఆమె నన్ను సరిదిద్దింది.