మగ్గం గుంతలోంచి చూసిన మోకాలు

మాది గుంత మగ్గం. గుంతలోకి కాళ్లు వదిలి నేలమీద కూర్చుంటే, ఎదురుగా నిలబడ్డవాళ్ల మొహాలకంటే ముందు మోకాళ్లే కనబడతాయి. ఇన్నేళ్లలో ఇంట్లోకి ఎవరొచ్చిందీ తల ఎత్తకుండానే చెప్పగలిగేదాన్ని.

మా చిన్నబిడ్డ వాలీబాల్ ఆడేది. ఎగిరి కిందికి దిగినప్పుడల్లా ఎడమ మోకాలు నొప్పి అంటుంటే, భువనగిరిలో ఆట నేర్పే సారు మమ్మల్ని రమ్మన్నాడు. కాళ్ల కదలికను పట్టే అగ్గిపెట్టెలంత డబ్బీలను తొడలకూ పిక్కలకూ పట్టీలతో కట్టి, మూరెడు ఎత్తు బల్లమీంచి దూకమన్నాడు. బిడ్డ దూకితే సారు సెల్లులో గీతల బొమ్మ కూడా దూకింది. దిగేటప్పుడు ఆ బొమ్మ ఎడమ మోకాలు లోపలికి ఒరిగింది.

"చూసినవా అక్కా? ఎప్పటికీ గిట్లనే దిగితే లోపలి నరం తెగుతది. ఆరు వారాలల్ల సక్కగ చేసుకుంటేనే జట్టుల పేరు రాస్త. లేకుంటే ఈ ఏడు లేదు."

బస్సులో బిడ్డ ఎడమ మోకాలు పట్టుకుని కూర్చుంది. ఊరు దగ్గరికొచ్చాక, "నేను ఆడుత అమ్మా," అంది.

"ఎవలు వద్దన్నరే? సక్కగ దిగుడు నేర్సుకో."

మోకాలు కాలివేళ్లకు సూటిగా ఉండాలి, చప్పుడు రాకుండా దిగాలి, ఇదీ సారు చెప్పిన కసరత్తు. ఇంట్లో ఆ డబ్బీలు ఎక్కడివి? మగ్గం ముందు ఎత్తుపీట వేసి దూకమన్నాను. పడుగులో ఒక్క పోగు పక్కకు జరిగినా పట్టుకునే కళ్లు నావి.

"లోపలికి పోయింది."

"పోలే అమ్మా!"

"పోయింది బిడ్డా. మల్ల దుంకు."

"నువ్వేమన్న మిషన్‌వా?"

"మిషన్‌కంటే పాతదాన్ని. దుంకు."

నేను నేత ఆపేదాన్ని కాదు. మగ్గం చప్పుడును దాటి పాదాల చప్పుడు వినబడితే ఆ దూకుడు లెక్కలోకి రాదని చెప్పాను. పండగ లేదు, జ్వరం లేదు, రోజూ పొద్దునా సాయంత్రం దూకింది.

ఆరు వారాలకు సారు మళ్లీ పరీక్ష పెట్టిన రోజు పొద్దున నేనే ఒక పిచ్చిపని చేశాను. మగ్గంలో కాళ్లు పట్టేస్తే ఆముదం రాసుకోవడం మాకు అలవాటు. బిడ్డ కాళ్లకూ తొడలనుంచి పిక్కలదాకా బాగా పట్టించి తీసుకెళ్లాను. డబ్బీలు తనే కట్టుకుని బిడ్డ దూకగానే సెల్లులో బొమ్మ మోకాలు అడ్డంగా తిరిగిపోయింది. సారు తల అడ్డంగా ఊపాడు. బిడ్డ కళ్లలో నీళ్లు.

నేను మాత్రం బొమ్మను చూడలేదు, బిడ్డ కాళ్లనే చూశాను.

"సారూ, మోకాలు సక్కగనే దిగింది. మీ డబ్బీనే జారింది."

సారు పట్టీ ముట్టుకుని వేళ్లు చూసుకున్నాడు. "ఏం రాసినవక్కా?"

"ఆముదం."

అక్కడున్న ఆడపిల్లలందరూ పకపకా నవ్వారు. "నవ్వుండ్రి, నవ్వుండ్రి," అంటూ బిడ్డను కుళాయి దగ్గరికి లాక్కెళ్లి, సబ్బుతో రెండుసార్లు రుద్ది కడిగి, నా కొంగుతో తుడిచాను. "జర మల్ల చూడుండ్రి సారూ," అన్నాను.

పదిసార్లు దూకింది. తొమ్మిది సూటిగా వచ్చాయి. పదోసారి కాస్త ఒరిగింది.

"అలిసినప్పుడు కాలు పాత తొవ్వనే పడతది. కసరత్తు ఆపొద్దు," అని సారు జట్టులో పేరు రాశాడు.

తెల్లారి నేను గుంతలో కాళ్లు పెట్టేసరికే పీట వేసి ఉంది.

"పదోది జర మంచిగ చూడమ్మా," అంది బిడ్డ.

ఆ ఒక్కదానికి మగ్గం ఆపాను.