నూనె పళ్లెంలో సూర్యుడు

సముద్రం ఎటు చూసినా దూరమైన భిలాయిలో, సెక్టర్ 4 క్వార్టర్ వాకిట్లో సెక్స్‌టెంట్ పట్టుకు కూర్చునేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో రెండు అద్దాలతో కొలిచే సాధనమది. ఆ ఎత్తును బట్టి పడవ ఏ అక్షాంశం మీద ఉందో లెక్క కట్టొచ్చు. నాది ఇత్తడిది కాదు, చవక ప్లాస్టిక్‌ది. ఉక్కు ఫ్యాక్టరీలోని రైలు పట్టాల మిల్లులో రిటైరయ్యాక కోణాలు కొలిచే కోణంగినయ్యాను.

భీమిలిలో మా బావమరిదికి చిన్న తెరచాప పడవుంది. ఒక్కసారి అందులో ఒడ్డు కనబడనంత దూరం వెళ్లి, సూర్యుణ్ణి అడిగి తిరిగి రావాలని నా కోరిక. ఆ ఊళ్లోనే పుట్టిపెరిగిన మా ఆవిడ షరతు పెట్టింది.

"ముందు దాంతో మన క్వార్టర్ ఎక్కడుందో సెప్పండి. సముద్రం సంగతి ఆనక."

సూర్యుడి ఎత్తు కొలవాలంటే కింద దిగంతం కనబడాలి. భిలాయిలో అది లేదు, చిమ్నీలున్నాయి. అందుకని డిసెంబరు మధ్యాహ్నం పళ్లెంలో స్కూటర్ నల్ల నూనె పోసి, అందులోని సూర్యుణ్ణీ ఆకాశంలోని సూర్యుణ్ణీ అద్దాల్లో ఒకటి చేశాను. వచ్చిన కోణంలో సగం సూర్యుడి ఎత్తు. నావికుల పంచాంగం చూసి లెక్క కడితే, మా ఇల్లు పది కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోయింది. మర్నాడూ అంతే.

"పొద్దున్న ముగ్గేసినప్పుడు ఇక్కడే ఉంది కదండీ!" అంది మా ఆవిడ.

బావమరిది ఫోన్లో నవ్వాడు. "ఏటి బావా, జీపీఎస్ ఉండగా ఈ తిప్పలేటి?"

"అది దారి సెప్పేస్తాదిరా. నాకు కనుక్కోవాలనుంది."

తప్పు నాలుగోరోజు దొరికింది. సెక్స్‌టెంట్ తనంతట తాను చూపే తేడాను ముందుగా కొలిచి, లెక్కలోంచి తీసెయ్యాలి. ఆ పని నేను పొద్దున్నే చల్లటి వరండాలో చేసి, దాన్ని ఎండలో పెట్టి మధ్యాహ్నం దాకా కాచుకున్నాను. వేడికి ప్లాస్టిక్ సాగింది, తేడా మారిపోయింది. మిల్లులో నా పనేమిటి? ఎర్రగా కాలే పట్టా చల్లారాక ఎంత కుదించుకుపోతుందో చూసి, అంత ఎక్కువ పొడవుంచి కోయించడం. ముప్పయ్యేళ్లు! ఎర్రగా లేనిది కూడా వేడెక్కుతుందని నాకు తట్టలేదు.

మర్నాడు దాన్ని నీడలోనే ఉంచి, సూర్యుణ్ణి చూసే ముందూ చూసిన వెంటనే కూడా తేడా కొలిచాను. ఇల్లు అసలు చోటుకి రెండు కిలోమీటర్ల దూరం దాకా వెనక్కొచ్చింది. ఆ ధరకి అంతకన్నా అడగడం అన్యాయం.

"ఆ రెండు కిలోమీటర్లకీ సముద్రంలో ఆటో దొరుకుతాదేటి?" అంది మా ఆవిడ.

"అంత దగ్గరకొస్తే ఒడ్డు కనబడతాదిలే."

ఆమె సెక్స్‌టెంట్ అందుకుంది. సూర్యుళ్లిద్దరూ తాకేదాకా ఊపిరి బిగబట్టి చూసింది.

"సముద్రం మీద ఈ పళ్లెం అక్కర్లేదా?"

"అక్కర్లేదు. నీళ్లూ ఆకాశం కలిసే గీత ఉంటాది కదా. దాని మీదకి దించడమే."

ఆమె తూర్పుకి చూసింది. వరసగా క్వార్టర్లు, పైన నీళ్ల ట్యాంకులు.

"ఆ గీత సూసి ఎన్నేళ్లయిపోనాదో," అంది.

కాసేపటికి లోపల్నించి ఫోన్‌లో ఆమె మాటలు వినబడ్డాయి.

"ఒరే తమ్ముడూ, పడవలో ఇద్దరికి సోటుంచు. మీ బావ లెక్క మీద నమ్మకముండి కాదురా... నీ ఫోన్ మాత్రం ఛార్జింగ్ పెట్టుకో."